పేరు కాలేజీది, అప్పు నాన్నది

(భిలాయ్‌లో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



ఫలితాలు వచ్చే రోజులివి. ఖుర్సీపార్‌లో, క్యాంపుల్లో, సెక్టార్లలో పన్నెండో తరగతి పిల్లలున్న ఏ ఇంటికెళ్లినా ఒకటే మాట వినిపిస్తోంది. పేరున్న కాలేజీలో అప్పు చేసైనా చేర్పించాలా, లేకపోతే ఊళ్లో ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా? నన్ను మాట్లాడమన్న పెద్దలు కూడా ఇదే ప్రశ్న నా చేతిలో పెట్టారు.

నేను కెరీర్ కౌన్సెలర్‌ని కాను. ఈ ఊళ్లో పుట్టి, హిందీ మీడియం ప్రభుత్వ బడిలో చదివి, దుర్గ్‌లో ప్రభుత్వ కాలేజీలో బి.ఏ. చేసి, ఆ తర్వాత ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఇప్పుడు అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న మాల ఇంటి ఆడపిల్లని. మా అన్న ఇంజినీరింగ్ కోసం తీసుకున్న బ్యాంకు లోను మా ఇంట్లో ఇంకా తీరలేదు. కాబట్టి ఈ ప్రశ్నను నేను లైబ్రరీలోనూ చూశాను, ఇంట్లోనూ చూశాను.

నా మాట ముందే చెప్పేస్తాను. "పేరా, ఖర్చా" అని అడిగినప్పుడు మనం ఒక సంగతి నమ్మేసి మొదలుపెడుతున్నాం. పేరున్న చదువు ఖరీదైనదనీ, పేరు లేనిది చవకైనదనీ. మన విషయంలో చాలాసార్లు ఇది తలకిందులు. దేశంలో ఎక్కువ పేరున్న ప్రభుత్వ సంస్థలే దళిత విద్యార్థికి చవక. పేరు లేని ప్రైవేటు కాలేజీయే మనల్ని అప్పులపాలు చేస్తోంది. అందుకని పేరెంత, ఖర్చెంత అని చూసేముందు ఆ ఖర్చు ఎవరి మీద పడుతోందో అడగాలి.

ఈ ఊరి సంగతితో మొదలుపెడతాను. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ పని కోసం శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి రాయగడ మీదుగా రైలెక్కి మనవాళ్లు వచ్చారు. మా తాత అలాగే వచ్చాడు. ముందు ఠేకేదారు దగ్గర కూలి, తర్వాత ప్లాంటులో పర్మనెంటు. నాన్న వంతు వచ్చేసరికి పర్మనెంటు దొరకలేదు, ఠేకా పని దొరికింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన ఆంత్రోపాలజిస్టు జొనాథన్ ప్యారీ ఏళ్ల తరబడి ఈ ఊరిని చదివి 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే పెద్ద పుస్తకం రాశారు. అందులోని ముఖ్యమైన గీత మీకు పుస్తకం చదవకుండానే తెలుసు: నౌకరీ వేరు, కామ్ వేరు. పర్మనెంటు వాళ్లది నౌకరీ, మిగతావాళ్లది కామ్. 1980ల చివర అరవై వేలు దాటిన పర్మనెంటు ఉద్యోగుల సంఖ్య ఇవాళ అందులో సగానికి కూడా చాలా తక్కువ. తాతను నౌకరీలోకి తీసుకెళ్లిన గేటు మనవళ్లకు మూసుకుపోయింది. ఇంక మిగిలిన గేటు చదువే అని ఊరంతా నమ్మింది. సివిక్ సెంటర్ చుట్టూ ఇన్ని కోచింగ్ బోర్డులు వెలిసింది ఆ నమ్మకం మీదే.

ఇక్కడ తెలుగు దళిత కుటుంబాలకు ఇంకో ముడి ఉంది. షెడ్యూల్డ్ కులాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వచ్చింది. ఆ తేదీకి మీ కుటుంబం ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రంలోనే మీరు ఎస్సీ. భిలాయ్ ఒప్పందమే 1955ది. అంటే ఆంధ్ర నుంచి ఈ ప్లాంటు కట్టడానికి వచ్చిన ఏ దళితుడూ ఆ తేదీకి ఇక్కడ ఉండే అవకాశం లేదు. ప్లాంటే లేనప్పుడు మనిషి ఎలా ఉంటాడు?

ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖర రావు కేసులో ఖాయం చేసింది. ఆ కేసు కూడా తెలుగువాళ్లదే. తెనాలిలో పుట్టిన కుర్రాడు. తండ్రికి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఎస్టీ కోటాలో ఉద్యోగం, అందుకని కుటుంబం బొంబాయి వెళ్లింది. అక్కడ మెడికల్ సీటుకు ఎస్టీ కోటా అడిగితే, మీరు ఆంధ్రలో ఎస్టీ గానీ మహారాష్ట్రలో కాదని కోర్టు తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ అదే సూత్రం చెప్పింది.

దీని అర్థం మన పిల్లలకు ఏమిటి? ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఎస్సీ సీటు లేదు. ఆంధ్రకు వెళ్తే అక్కడ చదవలేదు కాబట్టి నాన్‌లోకల్. ఫీజు రీయింబర్స్‌మెంటూ అక్కడ చదివిన స్థానికులకే. మా ఇంటి అనుభవం చెబుతాను. ఇక్కడ ఒక ఆఫీసులో "మీది ఆంధ్ర కదా, అక్కడ అడగండి" అన్నారు. అక్కడ ఒక ఆఫీసులో "మీరు భిలాయ్ వాళ్లు కదా, అక్కడ అడగండి" అన్నారు. కులం మాత్రం రెండు చోట్లా అడక్కుండానే గుర్తుపట్టారు.

అయితే ఈ ముడిలోనే ఒక తలుపు తెరిచి ఉంది. చాలామందికి అది తెలియదు. కేంద్ర సంస్థల్లో, అంటే ఐఐటీలు, ఎన్‌ఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో, శ్రీకాకుళం తహసీల్దారు ఇచ్చిన ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లుతుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. ఆ సొంత రాష్ట్రం ఏదన్నది పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. కాబట్టి ఖుర్సీపార్‌లో పన్నెండు పాసైన తెలుగు దళిత అమ్మాయి ఎన్‌ఐటీ రాయ్‌పూర్‌లో ఛత్తీస్‌గఢ్ కోటాలోనూ, ఎస్సీ కోటాలోనూ పోటీ పడొచ్చు. 1956లో గనులు, లోహశాస్త్రం కాలేజీగా పునాది పడి, ఈ ఉక్కు ప్రాంతానికి ఇంజినీర్లను తయారుచేసిన సంస్థ అది. మనవాళ్లు కొలిమి దగ్గర నిలబడి పోసిన ఉక్కు పేరు చెప్పుకుని ఎదిగిన సంస్థలో మనకు వాటా ఉంది.

ఇప్పుడు ఖర్చు చూడండి. 2016లో ఐఐటీల బి.టెక్. ట్యూషన్ ఫీజును ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెంచారు. అదే సమయంలో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఎన్‌ఐటీల్లో 1 లక్షా 25 వేల ట్యూషన్ ఫీజు. అక్కడా ఎస్సీ, ఎస్టీలకు మినహాయింపే. ఇక్కడ బీసీ కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్లకో మాట. ఐఐటీలో ఓబీసీ అయినందుకు ఫీజు తగ్గదు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు అయితే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య అయితే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ఆదాయ సర్టిఫికెట్టు ముందే తీసుకుని పెట్టుకోండి.

హాస్టలు, మెస్సు, ఇతర ఫీజులు అందరికీ మిగులుతాయి. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ 'మిగిలిన' డబ్బే ఒక్కోసారి తలుపు మూసేస్తుంది. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన దళిత విద్యార్థి అతుల్ కుమార్‌కు ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు కట్టాలి. తండ్రి రోజుకూలీ. జూన్ 24 సాయంత్రం 5 గంటల గడువులోగా డబ్బు సర్దుబాటై పోర్టల్‌లో పడలేదు, సీటు పోయింది. చివరికి సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తన ప్రత్యేక అధికారంతో సీటు ఇప్పించింది. 2021లో ఐఐటీ బాంబే సీటు విషయంలోనూ ఒక దళిత విద్యార్థి ఇలాగే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. నాలుగేళ్ల ట్యూషన్ మాఫీ ఉన్న పిల్లవాడు 17,500 దగ్గర ఆగిపోయాడు. కోర్టుకు వెళ్లలేక ఇంటికెళ్లిపోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఇక రెండో వైపు. సీటు రానివాళ్ల సంగతి. వాళ్లే ఎక్కువమంది.

మా అన్న 2012లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. రాష్ట్ర కోటా లేదు, స్కాలర్‌షిప్ లేదు. తాకట్టు అడగకుండా బ్యాంకు ఇచ్చేది 4 లక్షల దాకా, సరిగ్గా అంతే తీసుకున్నాం. సంతకం నాన్నది. 2016లో చదువు అయిపోయింది. క్యాంపస్ సెలక్షన్ల హోర్డింగు మీద ఎవరెవరి ఫొటోలో ఉన్నాయి, మా అన్నది లేదు. చివరికి ప్లాంటులోనే ఒక ఠేకేదారు దగ్గర సూపర్‌వైజర్‌గా చేరాడు. నాన్న వెళ్లిన గేటులోంచే, డిగ్రీ పట్టుకుని వెళ్లాడు. గేట్ పరీక్ష రాసి ప్రభుత్వ రంగ సంస్థలో చేరాలని వాడికి ఉండేది. దానికి ఒక్క ఏడాది ఇంట్లో కూర్చుని చదవాలి. కిస్తీ ఒక్క నెల కూడా కూర్చోనివ్వలేదు. లాక్‌డౌన్‌లో పని ఆగింది, వడ్డీ ఆగలేదు. ఇప్పటికీ నా ఫెలోషిప్‌లోంచి కొంత ఆ ఖాతాకే పోతుంది. నా ఫెలోషిప్ ఆలస్యమైన నెల నాన్న ఫోనుకు బ్యాంకు మెసేజ్ వస్తుంది.

అప్పు గురించి మాట్లాడేటప్పుడు అందరూ "ప్యాకేజీ వస్తే తీరిపోతుంది" అంటారు. తీరేదాకా అది ఏమేం తీసుకుంటుందో చెప్పరు. నచ్చని పనికి "వద్దు" అనే మాట తీసుకుంటుంది. ఇంకో ఏడాది చదివే అవకాశం తీసుకుంటుంది. పై అధికారి కులం పేరుతో వెటకారం చేసినప్పుడు లేచి నిలబడే ధైర్యం తీసుకుంటుంది. ఆడపిల్లల విషయంలో ఇంకోటి. కొడుకు చదువు అప్పు పెట్టుబడి అంటారు, కూతురి చదువు అప్పు కట్నానికి అడ్డం అంటారు. మా అన్న లోను ఉంది కాబట్టే నన్ను బి.ఏ.కి పంపారు. ఆ మూడేళ్లు నేను బాగానే చదువుకున్నాను, అది వేరే సంగతి. కానీ ఆ నిర్ణయం తీసుకుంది నేను కాదు, మా ఇంటి కిస్తీ.

ఇప్పుడు లెక్క చేద్దాం, కాగితం తీయండి. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్లకు 10 లక్షల లోను అనుకుందాం. ఏటా మొదట్లో రెండున్నర లక్షల చొప్పున తీసుకున్నారు. వడ్డీ 10 శాతం. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తీ ఉండదు. కిస్తీ ఉండదంటే వడ్డీ ఉండదని కాదు. ఆ అయిదేళ్లకు బారువడ్డీ లెక్కనే మూడున్నర లక్షలు పెరుగుతుంది. కట్టడం మొదలుపెట్టే రోజుకు బాకీ 13.5 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 17,800. మొత్తం కట్టేది 21 లక్షల పైమాటే. పదిహేనేళ్లకు సాగదీస్తే నెలకు 14,500 చొప్పున 26 లక్షలు. ఇక్కడ చాలా ఇళ్లలో నెలంతా పనిచేసి తెచ్చే ఠేకా కూలి ఈ కిస్తీకి అటూ ఇటుగానే ఉంటుంది. అంటే ఇంట్లో ఒక మనిషి మొత్తం సంపాదన పదేళ్లు బ్యాంకుకు రాసిచ్చినట్టు.

ఇది విని, "అయితే పేరు ఎందుకు, నైపుణ్యం ఉంటే చాలు కదా" అనేవాళ్లు ఉంటారు. ఈ మాట ఎక్కువగా మామయ్య కంపెనీలోనో బాబాయి స్నేహితుడి ఆఫీసులోనో చోటున్న వాళ్లే చెబుతారు. వాళ్లకు ఇంటిపేరే సిఫారసు ఉత్తరం. మనకు అది ఎదురు తగులుతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని పరీక్షించింది. ఒకే అర్హతలున్న దరఖాస్తులు, పేర్లు మాత్రం వేరు. ప్రైవేటు కంపెనీల నుంచి పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు, అగ్రకుల పేరుతో పోలిస్తే, దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మన పిల్లలు పేరున్న సంస్థను కోరుకోవడం ఆడంబరం కాదు. ఇంటిపేరు మూసిన తలుపును కాలేజీ పేరుతో తట్టాలనుకుంటున్నారు. వాళ్లను "మీ స్థాయికి తగ్గట్టు ఉండండి" అనే హక్కు ఎవరికీ లేదు. ఆ మాట మనం తరతరాలుగా విన్నదే.

కానీ పేరు అన్ని తలుపులూ తెరవదు. బాబాసాహెబ్ జీవితమే చూడండి. ఆయన కూడా చదువు కోసం అప్పు చేసినవారే. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. నెలకు 11.5 పౌండ్లు, మూడేళ్లు. బదులుగా బరోడా సంస్థానంలో పదేళ్లు పనిచేస్తానని ఒప్పందం. 1917లో ఒప్పందం ప్రకారం బరోడా వచ్చారు. కొలంబియాలో చదివిన మనిషికి ఆ ఊళ్లో ఉండడానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పదకొండు రోజులు తలదాచుకుంటే కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. స్కాలర్‌షిప్ రుణం కొలువు చేసి తీర్చుకుందామన్నా కులం తీర్చుకోనివ్వలేదు. ఆ తర్వాత సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టి, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయంతో, మిత్రుడు నావల్ భతేనా దగ్గర తీసుకున్న 5 వేల రూపాయల అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లి సగంలో ఆగిన చదువు పూర్తిచేశారు.

ఇందులో నేను చూసేది రెండు విషయాలు. ఒకటి, డిగ్రీ మీద ఉన్న పేరు ఆయనకు గది ఇప్పించలేదు, ఆ డిగ్రీలో నేర్చుకున్నది మాత్రం మనందరికీ రాజ్యాంగం దాకా పనికొచ్చింది. ముద్ర వేరు, విద్య వేరు. రెండోది, తను పడ్డ ఈ ఇబ్బంది తర్వాతి తరాలు పడకూడదని ఆయన ప్రభుత్వంతో కొట్లాడారు. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలని అడిగారు. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వెనుక ఆ కృషి ఉంది. స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని చదివిన మనిషి, మనల్ని మీరూ అప్పు తెచ్చుకోండి అనలేదు. ఇది మీ హక్కు, ప్రభుత్వం కట్టాలి అన్నాడు.

ఇవాళ గాలి ఎదురు దిశలో వీస్తోంది. 2017లో కెనరా బ్యాంకుతో కలిసి కేంద్రం ఉన్నత విద్యకు ఒక రుణ సంస్థను పెట్టింది, హెఫా అని. గతంలో గ్రాంటుగా వచ్చిన డబ్బు కొంత ఇప్పుడు అప్పుగా వస్తోంది. అప్పు తీసుకున్న సంస్థ ఎక్కడినుంచి తీరుస్తుంది? ఫీజుల వైపే చూస్తుంది. 2024 నవంబర్‌లో పీఎం విద్యాలక్ష్మి పథకం వచ్చింది. ర్యాంకులున్న సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా లోను. ఆదాయం 8 లక్షల లోపు అయితే 10 లక్షల దాకా లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ. మా అన్న కాలంతో పోలిస్తే ఇది మెరుగే, అవసరమైతే వాడుకోండి. కానీ జరుగుతున్నది గమనించండి. కాలేజీ పేరు ఇప్పుడు బ్యాంకులో తాకట్టు వస్తువైంది. జాబితాలో ఉన్న కాలేజీలో చేరితే సులువైన లోను, లేకపోతే పాత లోను. స్కాలర్‌షిప్ అడగాల్సిన నోటితో లోను అడగడం మనకు అలవాటు చేస్తున్నారు.

ఆ ర్యాంకులు ఎలా వేస్తారో కూడా తెలుసుకోండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో ఆడపిల్లలకు, పేద, వెనుకబడిన విద్యార్థులకు, వికలాంగులకు, ఇతర ప్రాంతాల వాళ్లకు చోటిచ్చినందుకు అన్నీ కలిపి వందకు పది మార్కులు. 'పర్సెప్షన్' అనే దానికి, అంటే విద్యారంగంలోని వాళ్ల, ఉద్యోగాలిచ్చేవాళ్ల దృష్టిలో ఉన్న పేరుకు, మరో పది. సమాజంలో ఇప్పటికే పేరున్నవాళ్లకు ఆ పేరు ఉన్నందుకే మార్కులు. కులం కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది కదా!

సీటు వచ్చాక కూడా కథ అయిపోదు. అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు వెళ్లిపోయారని 2023 డిసెంబర్‌లో ప్రభుత్వమే లోక్‌సభలో చెప్పింది. అందులో ఐఐటీల నుంచి వెళ్లిన ఎస్సీలు 1,068 మంది. కొందరు వేరే కోర్సులకు మారి ఉండొచ్చు, ప్రభుత్వం కూడా అలాంటి కారణమే చెప్పింది. మరి ఆ మారాల్సిన పరిస్థితి ఎవరు కల్పించారు? 2016 జనవరి 17న మనల్ని విడిచి వెళ్లిన రోహిత్ అన్న, చివరి ఉత్తరంలో కూడా తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి, ఒక మిత్రుడికి ఇవ్వాల్సిన బాకీ గురించి రాశాడు. ఫెలోషిప్ ఆలస్యం అంటే ఆఫీసులో ఒక ఫైలు కదలకపోవడం అని అనుకునేవాళ్లు ఆ ఉత్తరం చదవాలి. అందుకే ఏ క్యాంపస్‌కు వెళ్లినా మొదటి వారంలోనే మనవాళ్లను వెతుక్కోండి. అంబేడ్కర్ విద్యార్థి సంఘం ఉంటే చేరండి, లేకపోతే నలుగురు కలిసి కూర్చోండి. డబ్బు ఇబ్బంది సిగ్గుపడాల్సిన రహస్యం కాదు, నోరు విప్పి చెప్పాల్సిన విషయం.

ఇప్పుడు జూన్‌లో కౌన్సెలింగ్‌కు కూర్చునే ఇళ్లకు చేతిలో పట్టుకెళ్లే మాటలు కొన్ని చెబుతాను.

మొదటిది, సర్టిఫికెట్లు. శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లి కుల ధ్రువపత్రం ఇప్పుడే తెచ్చుకోండి, ఫలితాలు వచ్చాక రైలెక్కితే గడువు దాటిపోతుంది. సీటు ఖాయం చేసుకునే డబ్బు ముందే విడిగా తీసి పెట్టండి. మన బస్తీలో పదిమంది కలిసి అలాంటి నిధి ఒకటి ఉంచుకోగలమేమో ఆలోచించండి. అతుల్ కుమార్‌కు ఆ సాయంత్రం కావాల్సింది 17,500 మాత్రమే.

రెండోది, ప్రభుత్వ సంస్థ ఏదైనా ముందు వరసలో పెట్టండి. ఇంజినీరింగే చదువు అనుకోవద్దు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బి.ఎస్సీ., బి.ఏ. కూడా పేరున్న చదువే, ఖర్చు తక్కువ. ఊళ్లో ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ చేసి ఎం.ఏ.కి, ఎం.ఎస్సీ.కి పెద్ద సంస్థకు వెళ్లే దారి కూడా ఉంది. నేను వచ్చింది ఆ దారినే. చివరి డిగ్రీ మీద ఉన్న పేరే ఎక్కువమంది చూస్తారు.

మూడోది, ప్రైవేటుకే వెళ్లాల్సి వస్తే హోర్డింగు చూడొద్దు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు సమర్పించిన సమాచారాన్ని ఆ కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అది తెరవండి. ఎంతమంది చదువు పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమందికి పూర్తి ఫీజు వెనక్కి వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. అత్యధిక ప్యాకేజీ ఒక్కడికి వస్తుంది. మీ పిల్లకు రాబోయేది మధ్యలో ఉన్నవాళ్లకు వచ్చేది అనుకుని లెక్క వేయండి. ఆ జీతంలో ఊరుగాని ఊళ్లో అద్దె, తిండి పోగా కిస్తీ కట్టి, ఇంటికి నాలుగు డబ్బులు పంపగలిగితే ఆలోచించండి. లేకపోతే ఆ సీటు మనది కాదు. ఆ మాట అనడంలో చిన్నతనమేమీ లేదు.

నాలుగోది, ఎస్సీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ పథకం ఉంది. ఎంపిక చేసిన సంస్థల్లో, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే వర్తిస్తుంది. ప్రైవేటులో ఫీజు ఏడాదికి 2 లక్షల దాకా ఇస్తారు. సీట్లు పరిమితం, అందుకే చేరేముందే ఆ సంస్థ జాబితాలో ఉందో లేదో అడగండి. లోను గురించి బ్యాంకులో అడిగేది ఇవన్నీ అయ్యాకే.

చివరగా, ఇంటింటి జాగ్రత్తతో తీరని సంగతి ఒకటి ఉంది, అది అందరం కలిసి అడగాల్సింది. మైగ్రెంట్లకు రాష్ట్ర కోటా సీటు ఇస్తే స్థానిక దళితుల వాటా తగ్గుతుందని కోర్టు చెప్పిన కారణాన్ని నేను తోసిపుచ్చను. ఇక్కడి సత్నామీ సోదరుల భూముల మీద, వాళ్ల ఊళ్ల మీద ఈ ప్లాంటు లేచింది. వాళ్ల సీటు మనకు వద్దు. కానీ స్కాలర్‌షిప్ అలాంటిది కాదు. నాకు ఇచ్చినంత మాత్రాన సత్నామీ చెల్లెలికి తగ్గేది కాదు, అర్హులందరికీ ఇవ్వాల్సిన డబ్బు అది. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఇప్పుడు కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తున్నాయి. రాష్ట్రాల మధ్య చిక్కుకున్న దళిత కుటుంబాల పిల్లలకు మొత్తం కేంద్రమే భరించాలి. రెండున్నర లక్షల ఆదాయ పరిమితిని పెంచాలి. కేంద్ర ప్రభుత్వ ప్లాంటు కట్టడానికి వచ్చి ఇలా రెండు రాష్ట్రాలకూ కాకుండా పోయినవాళ్ల బాధ్యత కేంద్రానిదే. ఇది భిలాయ్‌లో మొదలు కావాల్సిన డిమాండు. రూర్కెలాలో, ఇంకా మనవాళ్లు వలస వెళ్లిన ప్రతి పారిశ్రామిక పట్టణంలో దీనికి గొంతు కలిపేవాళ్లు ఉంటారు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. పిల్లల కోరిక పెద్దదైతే కత్తిరించకండి, దాని ఖర్చు ఎవరి వంతో తేల్చి అడగండి. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. మీరు పెద్ద పేరున్న చోటికే వెళ్లాలి, అక్కడ మన వాటా ఉంది. నాన్న సంతకం పెట్టేముందు మాత్రం ఆ కాగితం మీరు చదవండి. వడ్డీ ఎంతో, గడువు ఎంతో, కిస్తీ ఎంతో గట్టిగా చదివి ఇంట్లో అందరికీ వినిపించండి. అందరూ విన్నాక కూడా సంతకం పెట్టాలనిపిస్తే పెట్టండి.

జై భీమ్.